బిందె ఎవరు ఎత్తాలి? గర్భసంచి ఆపరేషన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద. సమాధానాలు రాసింది స్త్రీవైద్య విభాగంలో పనిచేసేవారు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను చేయించుకోబోయేవాళ్ళతో మాట్లాడించే కౌన్సెలర్లు. మందుల మోతాదులు మామూలుగా వాడేవే రాశాం. మీకు బీపీ, షుగర్, గుండె, కిడ్నీ సమస్యలుంటే మీ డాక్టర్ చెప్పిందే లెక్క.

*

ప్ర: నాకు 38 ఏళ్ళు. రెండేళ్ళుగా నెలసరి ఎనిమిది రోజులుంటోంది, గడ్డలు గడ్డలుగా పోతోంది. తెల్లబట్ట కూడా ఉంది. స్కానింగ్‌లో 3 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ) కనిపించింది. ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేయించుకోమంటున్నారు. మా తోటికోడలు, ఆడపడుచు ఇద్దరూ తీయించుకున్నారు. హాయిగా ఉంది, నువ్వూ చేయించుకో అంటున్నారు.
– ఒక సోదరి, తణుకు

జ: ముందు భయం సంగతి చూద్దాం. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. తెల్లబట్టకు ఎక్కువసార్లు కారణం ఇన్ఫెక్షన్. పరీక్ష చేసి సరైన మందులిస్తే తగ్గుతుంది, దానికోసం గర్భసంచి తీయరు, తీయకూడదు.

ఇక గడ్డ. సైజు ఒక్కటే చెబితే చాలదు, ఎక్కడుందో చెప్పాలి. గర్భసంచి బయటివైపు ఉన్న 3 సెంటీమీటర్ల గడ్డకూ మీ రక్తస్రావానికీ సంబంధమే లేకపోవచ్చు. లోపలి పొరలోకి పొడుచుకొచ్చినదైతే అంతకంటే చిన్నదైనా బకెట్లు పోయిస్తుంది. అలాంటిదాన్ని హిస్టెరోస్కోపీతో (సన్నని కెమెరా గొట్టంతో) కింది నుంచే, కోత లేకుండా, గడ్డ వరకే తీయవచ్చు. కాబట్టి స్కానింగ్ కాగితం పట్టుకుని "ఇది ఏ పొరలో ఉందండీ?" అని అడగండి. రిపోర్టులో ఆ మాట లేకపోతే కింది నుంచి చేసే స్కానింగ్ మళ్ళీ చేయించండి.

తర్వాత అడగాల్సినవి: థైరాయిడ్ పరీక్ష అయిందా, పాప్ స్మియర్ (ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష) తీశారా, గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాలా, మందులతో ఎన్నాళ్ళు చూశారు. రక్తస్రావం ఎక్కువున్న రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు, నాలుగైదు రోజులు ఇస్తారు. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు. హార్మోన్ లూప్ అని ఒకటుంది, మన కాపర్-టీ ఆకారంలోనే ఉంటుంది. ఐదేళ్ళపాటు లోపలి పొర పెరగకుండా చూస్తుంది. మొదటి మూడు నాలుగు నెలలు మరకలు మరకలుగా అవుతూనే ఉంటుంది. అది చూసి "పనిచేయలేదు" అని తీయించేసుకునేవాళ్ళు ఉన్నారు. ఆరు నెలలు ఓపిక పట్టాలి.

క్యాన్సరో, దానికి ముందుదశో బయటపడితే, గర్భసంచి బాగా జారిపోతే, పెద్ద గడ్డలకో గర్భసంచి గోడ వాపుకో మందులన్నీ వాడినా లొంగకపోతే ఆపరేషన్ న్యాయమే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైనే. మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే ప్రత్యేకంగా చెడిపోవు కదా. అనవసరపు ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మూడు నెలల గడువిచ్చింది కూడా. మీ కాగితాలు తీసుకుని మరో గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్ళండి. జిల్లా ఆసుపత్రిలో అయితే ఖర్చు కూడా ఉండదు.

తోటికోడలి అనుభవం ఎలా కోలుకోవాలో తెలుసుకోవడానికి బంగారం. తీయించుకోవాలా వద్దా అన్నది మాత్రం మీ స్కానింగ్, మీ బయాప్సీ (ముక్క పరీక్ష) తేల్చాలి.

*

ప్ర: మందులు వాడాను, లూప్ వేయించాను, లాభం లేకపోయింది. వచ్చే నెలలో లాపరోస్కోపీతో (పొట్టకు చిన్న హోల్స్ వేసి) తీస్తామన్నారు. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఈ నెల రోజుల్లో ఇంట్లో, ఒంట్లో ఏమేం సర్దుకోవాలి?
– ఒక టీచరు, హనుమకొండ

జ: మొదటి పని రక్తం. హిమోగ్లోబిన్ 10 దాటించుకుని వెళితే రక్తం ఎక్కించాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. ఐరన్ మాత్ర పరగడుపున నిమ్మరసంతో వేసుకోండి, ఆ తర్వాత రెండు గంటలు టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర ముట్టొద్దు. చాలామందికి రక్తం పెరగకపోవడానికి కారణం మాత్ర మంచిది కాకపోవడం కాదు, మాత్ర వెనకే తాగే టీ. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. మీకు నెలే ఉంది కాబట్టి సెలైన్‌లో ఇచ్చే ఐరన్ గురించి అడగండి. మూడు నాలుగు వారాల్లో సాధారణంగా రెండు గ్రాముల దాకా పెరుగుతుంది. ఈలోపు నెలసరి వస్తే పెరిగింది మళ్ళీ పోతుంది కనుక దాన్ని ఆపే మాత్రలు ఇవ్వమనండి.

షుగర్ మూడు నెలల సగటు (HbA1c పరీక్ష) 8 లోపు ఉండాలి, లేకపోతే కుట్లు చీము పట్టొచ్చు. మాత్ర పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటే (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్) కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. మత్తు డాక్టర్‌కు మీ మాత్రల అట్టలన్నీ చూపించండి. ఆయుర్వేదం, నాటుమందు, మోకాళ్ళ నొప్పుల పొడి ఏదైనా సరే దాచొద్దు.

సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు: అండాశయాలు ఉంచుతారా? గర్భసంచి ముఖద్వారం తీస్తారా? అండాశయాల పక్కనుండే గొట్టాలు తీస్తారా? నలభైల్లో, ఏ జబ్బూ లేని అండాశయాలను "ఎలాగూ తెరుస్తున్నాం కదా" అని తీయడం మంచి పద్ధతి కాదు. గొట్టాలు తీయడం వల్ల మాత్రం తర్వాత అండాశయ క్యాన్సర్ వచ్చే ప్రమాదం తగ్గుతుంది.

ఇక ఇల్లు. ఆరు వారాలు ఐదు కిలోలు దాటినదేదీ ఎత్తకూడదు, మొదటి రెండు వారాలు రెండు మూడు కిలోలు కూడా దాటొద్దు. ఇప్పుడు మీ ఇంట్లో తూకం వేయండి. నీళ్ళ బిందె పదిహేను కిలోలు. స్నానాల బకెట్ ఇరవై. నిండు గ్యాస్ బండ ముప్పై. పప్పుతో నిండిన ఐదు లీటర్ల కుక్కర్ కూడా ఐదు దాటుతుంది. తడిబట్టల బకెట్‌ను అందరూ మర్చిపోతారు. ఇవి ఎవరు ఎత్తుతారో పేరు పేరునా ఇప్పుడే తేల్చండి. "అందరం చూసుకుంటాంలే" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. కింది అరల్లో ఉన్న బియ్యం, పప్పుల డబ్బాలు నడుము ఎత్తుకు మార్పించండి.

పడక నేల మీద వద్దు, మంచం కావాలి. ఇంట్లో నేలబారు మరుగుదొడ్డే ఉంటే కమోడ్ కుర్చీ అద్దెకో కొనో తెచ్చుకోండి. మొదటి మూడు నాలుగు వారాలు గొంతుక్కూర్చుని లేవడం నరకం. నాలుగైదు వదులు నైటీలు సిద్ధం చేసుకోండి. చీర కట్టుకుంటే లంగా బొందు సరిగ్గా బొడ్డు దగ్గరి కుట్టు మీదే పడి ఒరుసుకుంటుంది. సల్వార్ బొందూ అంతే. లోదుస్తులు ఒక సైజు పెద్దవి, బొడ్డు పైదాకా వచ్చే కాటన్‌వి తీసుకోండి. శానిటరీ ప్యాడ్లు రెండు పెద్ద ప్యాకెట్లు. గట్టి దిండు ఒకటి, దాని పని కింద చెబుతాం.

ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ తిరగేయండి. చాలా పాలసీల్లో ఈ ఆపరేషన్‌కు రెండేళ్ళు ఆగాలన్న షరతు ఉంటుంది.

*

ప్ర: ఆపరేషన్‌కు ముందు తాళి తీయమంటారట. మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. గోరింటాకు కూడా పెట్టుకోవద్దంటున్నారు. ఇదంతా ఎందుకు?
– పాఠకురాలు, మార్కాపురం

జ: రక్తనాళాలను కరెంటుతో కాల్చి మూసే పరికరం వాడతారు. ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలొచ్చు. అందుకే గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, సూత్రాలు, నల్లపూసలు అన్నీ తీయాలి. మత్తులో మెడ దగ్గర గొట్టం వేసేటప్పుడు గొలుసు అడ్డం కూడా. పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి మణికట్టుకు కట్టుకుంటే చాలా థియేటర్లలో అభ్యంతరం చెప్పరు. అత్తగారికి ఆ దారి చెప్పండి. గోళ్ళకు గోరింటాకో రంగో ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ సరిగా చదవలేకపోవచ్చు. రెండు వేళ్ళయినా ఖాళీగా ఉంచండి.

కింది వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీసుకోకండి. కనపడని గాట్లు పడి ఇన్ఫెక్షన్ వస్తుంది. అవసరమైతే ఆసుపత్రిలో మెషిన్‌తో కత్తిరిస్తారు.

ఆహారం ఆరు గంటల ముందు ఆపాలి, వేపుళ్ళు, మాంసం అయితే ఎనిమిది గంటలు. మామూలు నీళ్ళు రెండు గంటల ముందు వరకూ తాగొచ్చని చాలామంది మత్తు డాక్టర్లు ఒప్పుకుంటారు. పాలు పోసిన టీ నీళ్ళ కింద రాదు, ఆహారం కిందే లెక్క. "ఒక్క గుక్కే కదా" అని తాగి ఆపరేషన్ వాయిదా పడ్డవాళ్ళు ప్రతి ఆసుపత్రిలో ఉంటారు.

*

ప్ర: వెన్నులో మత్తు సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి ఉంటుందా?
– ఖమ్మం

జ: ఉండదు. సూది గుచ్చిన చోట నాలుగైదు రోజులు నొప్పి ఉంటుంది, అంతే. తర్వాత వచ్చే నడుము నొప్పికి మంచం పట్టి కదలకపోవడం, వంగి బరువులెత్తడం కారణాలు. ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు రోజుల్లో, కూర్చుంటే పగిలిపోయే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతుంటే మాత్రం మత్తు డాక్టర్‌కు చెప్పండి, దానికి వేరే వైద్యం ఉంది.

*

ప్ర: నిన్ననే లాపరోస్కోపీ అయింది. పొట్టకంటే కుడి భుజం నొప్పి ఎక్కువగా ఉంది. గుండెపోటేమోనని ఇంట్లో భయపడుతున్నారు. లేవాలంటే ప్రాణం పోతోంది.
– విజయవాడ

జ: పొట్టలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి ఊపిరితిత్తుల కింది కండరాన్ని రుద్దుతుంది. అక్కడి నరమూ భుజం నరమూ ఒకే చోటి నుంచి వస్తాయి కనుక నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. నడిస్తే త్వరగా తగ్గుతుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, చెమటలు ఉంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

లేచే పద్ధతి ఇది. వెల్లకిలా ఉండి నేరుగా లేవకండి. రెండు మోకాళ్ళూ మడవండి. భుజాలు, మోకాళ్ళు కలిపి దుంగ దొర్లినట్టు పక్కకు తిరగండి. కాళ్ళు మంచం దించుతూ, అదే సమయంలో కింది మోచేతితో మంచాన్ని నొక్కి లేవండి. బరువు చేతి మీద పడాలి, పొట్ట మీద కాదు. కూర్చున్నాక నిమిషం ఆగి నిలబడండి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చే ముందు దిండును రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకోండి. మొదటి నాలుగు రోజులు నొప్పి మాత్ర నొప్పి వచ్చాక వేసుకోవడం కంటే గడియారం చూసి వేసుకోవడం మేలు. పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి. మధ్యలో జ్వరం అని, తలనొప్పి అని అదే మందున్న మరో మాత్ర కలపొద్దు.

*

ప్ర: పప్పు, గుడ్డు, వంకాయ తింటే కుట్లు చీము పడతాయని మా అమ్మ నలభై రోజుల పత్యం పెడుతోంది. కారప్పొడి, నెయ్యి, చారన్నం. నీరసంగా ఉంది. పైగా విరోచనం కావడం లేదు.
– అనపర్తి

జ: అమ్మ ప్రేమను కాదనలేం గానీ, ఈ పత్యం గాయాన్ని పస్తు పెడుతుంది. కుట్టు మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్లు రెండు, పెరుగు, చేప, చికెన్ ఏది అలవాటైతే అది రోజూ తినాలి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, అదుపు తప్పిన షుగర్ వల్ల, కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె, పౌడర్ రాయడం వల్ల. వంకాయకు ఆ పాపం అంటగట్టొద్దు. గ్యాస్ ఎక్కువ చేసే శనగలు, పచ్చి క్యాబేజీ మాత్రం మొదటి వారం పక్కన పెట్టండి.

విరోచనం మూడో రోజు దాకా కాకపోవడం మామూలే. నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉంటే ఇంకా బిగుస్తుంది. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్ళు, రాత్రి పెద్ద గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల ఇసబ్‌గోల్. చాలకపోతే లాక్టులోజ్ సిరప్ 15 మిల్లీలీటర్లు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కాళ్ళ కింద చిన్న పీట వేసుకోండి, ముక్కకండి. నాలుగో రోజూ కాక, పొట్ట ఉబ్బి, వాంతులుంటే సిరప్‌లతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

*

ప్ర: పన్నెండో రోజు మళ్ళీ కొంచెం ఎర్రగా కనపడింది. గర్భసంచి తీశాక కూడా ముట్టు వస్తుందా?
– సిద్దిపేట

జ: రాదు. లోపల వేసిన కుట్లు రెండో వారం నుంచి కరుగుతాయి, అప్పుడు కొద్దిగా ఎర్రగా, గోధుమరంగులో కనపడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు మరకలుండొచ్చు. (ముఖద్వారం ఉంచినవాళ్ళలో కొందరికి నెలనెలా ఒకటి రెండు చుక్కలు రావచ్చు.)

ఆగకూడనివి వేరే ఉన్నాయి. గంటలో ఒక ప్యాడ్ తడిచిపోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన, ఒకే కాలి పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం. ఇంకొకటి చాలామంది చెప్పుకోరు: తెలియకుండా నీళ్ళలా నిరంతరం కారుతూ బట్టలు తడవడం. అది తెల్లబట్ట కాకపోవచ్చు, మూత్రం కావచ్చు. మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలితే వారం, రెండు వారాల తర్వాత ఇలా బయటపడుతుంది. సిగ్గుపడి దాచుకుంటే సరిచేయడం కష్టమవుతుంది.

*

ప్ర: పత్తి తీతకు ఎప్పుడు వెళ్ళొచ్చు? ఇంట్లో సంపాదించేది నేనే.
– ఆదోని

జ: పొట్ట కోసి చేసినదైతే ఎనిమిది వారాలు, హోల్స్ వేసో కింది నుంచో చేసినదైతే ఆరు వారాలు. గర్భసంచి జారినందుకు చేసి ఉంటే మూడు నెలలు. పత్తి తీతలో వంగడం కంటే మూట నెత్తికెత్తుకోవడం ప్రమాదం. తిరిగి వెళ్ళాక మొదటి రెండు వారాలు చిన్న సంచిలో తీసి, మూట మోసే పని వేరేవాళ్ళకు వదలండి. నడక మాత్రం మొదటి రోజు నుంచే. మొదటి వారం ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు, మూడో వారానికి ఏకబిగిన అరగంట. కూలి పోతుందన్న లెక్క మాకూ తెలుసు. పత్తి చేతికొచ్చే నెలలు వదిలి ఆపరేషన్ తేదీ పెట్టించుకోవడం కుదురుతుందేమో అడగండి, అత్యవసరం కాకపోతే డాక్టర్లు ఒప్పుకుంటారు.

*

ప్ర: నా భార్యకు 41. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీశారు. నెల తిరక్కుండానే ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, ఊరికే ఏడుపు. దగ్గరకు వెళితే భయపడుతోంది.
– పేరు రాయవద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జ: పదేళ్ళలో మెల్లగా రావలసిన మార్పు ఆవిడకు ఒక్క రోజులో వచ్చింది. 45 ఏళ్ళలోపు రెండు అండాశయాలూ తీస్తే, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు, అంటే ఇంచుమించు యాభై వరకు ఈస్ట్రోజెన్ (అండాశయాలు తయారుచేసే హార్మోన్) ఇవ్వాలి. గర్భసంచి లేదు కనుక సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. ఇది ఆవిర్లకు మాత్రమే కాదు, ఎముకలకు, గుండెకు కూడా. డిశ్చార్జి రోజు ఈ మాట చెప్పకుండా పంపేయడం తరచుగా జరిగే తప్పు. వెంటనే గైనకాలజిస్ట్‌ను కలవండి. క్యాల్షియం, విటమిన్ డి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అడగండి.

కలయికకు కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, అదీ డాక్టర్ లోపలి కుట్టు చూసి సరేనన్నాక. తొందరపడితే ఆ కుట్టు విడిపోవచ్చు. తర్వాత పొడిబారితే జెల్, డాక్టర్ రాస్తే ఈస్ట్రియాల్ క్రీమ్. ఏడుపు రెండు వారాలు దాటి, నిద్ర, తిండి పోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు.

*

ప్ర: మా డ్వాక్రా సంఘంలో నలుగురు ఇప్పటికే చేయించుకున్నారు, ఇద్దరికి వచ్చే నెలలో ఉంది. మేమంతా కలిసి వాళ్ళకు ఏం చేయగలం?
– సంఘం లీడరు, పలాస

జ: చాలా చేయొచ్చు. ముందు జత కుదర్చండి. హోల్స్ ఆపరేషన్‌కు హోల్స్ చేయించుకున్నామె, పొట్ట కోతకు పొట్ట కోత అయినామె. కోత అయినామె "పది రోజులు లేవలేదు" అంటే హోల్స్ ఆమె అనవసరంగా మంచం పడుతుంది. హోల్స్ ఆమె "వారానికే వంట చేశా" అంటే కోత అయినామె కుక్కర్ ఎత్తుతుంది.

పద్నాలుగు రోజుల పట్టీ గీయండి. నీళ్ళు ఎవరు, వంట ఎవరు, బట్టలు ఎవరు, చెకప్‌కు ఆటోలో తోడు ఎవరు. ఒక్కొక్కరికి రోజుకు ఒకే పని, అప్పుడే నిలుస్తుంది. పదో రోజు నుంచి పట్టీలు జారిపోతాయి, ఎందుకంటే అప్పటికి ఆమె మొహం తేటపడుతుంది. నిజానికి లోపలి కుట్టు అప్పుడే మెత్తబడుతుంది, బిందె ఎత్తాలనిపించేదీ అప్పుడే. మూడో వారానికి నీళ్ళ మనిషినైనా వదలొద్దు.

మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. మిగిలిన మాత్రలు ఒకరివి ఒకరికి ఇవ్వకూడదు. ఆసుపత్రి పేరు సూచించి కమీషన్ తీసుకునేవాళ్ళను, వాళ్ళు సంఘం సభ్యులైనా సరే, దగ్గరకు రానివ్వకూడదు. పరామర్శకు పావుగంటే, మంచం మీద కూర్చోకూడదు. పరామర్శకు వచ్చి ఫలానా ఆమెకు ఎలా వికటించిందో వర్ణించేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు, వాళ్ళను గుమ్మంలోనే కాఫీ ఇచ్చి పంపే పని గడుసామెకు అప్పగించండి. ఆశ కార్యకర్త నంబరు, 108 గోడ మీద రాసి ఉంచండి.

*

ప్ర: రెండేళ్ళ క్రితం తీశారు. అండాశయాలు ఉన్నాయో లేవో కూడా తెలియదు. కాగితాలు లేవు.
– నంద్యాల

జ: ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్ళు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలో ఉంది. రాతపూర్వకంగా అర్జీ పెట్టి రెండు కాగితాలు అడగండి: డిశ్చార్జి సమ్మరీ, తీసిన గర్భసంచిని పరీక్షించిన బయాప్సీ రిపోర్టు. మూడేళ్ళు నిండకముందే వెళ్ళండి. దొరక్కపోతే స్కానింగ్‌లో అండాశయాలు, డాక్టర్ పరీక్షలో ముఖద్వారం ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ముఖద్వారం ఉంటే పాప్ స్మియర్ అందరిలాగే మీరూ చేయించుకుంటూ ఉండాలి.